పాస్ ఒక్కరికే

"మీ ఆయన్ని ఇవాళ వార్డుకు మారుస్తున్నాం" అని డాక్టర్ చెప్పగానే ఆమె ముఖం పాలిపోయింది.

ఐసీయూ నుంచి బయటపడుతున్నారంటే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. ఈమెకేమిటి ఇలా, అనుకుంది వార్డు సిస్టర్. ఈ సిస్టర్ కంటి నుంచి ఏదీ తప్పించుకోదని ఆసుపత్రిలో అందరూ ఆమెను చాటుగా డేగ అంటారు.

ఇలా మార్చడం ఇది మూడోసారి. ఆయనకు పక్షవాతంతో మాట పడిపోయింది, కాళ్ళూ చేతులూ ఆడవు. వార్డుకు తెచ్చిన రెండుసార్లూ ఊపిరాడక మళ్ళీ ఐసీయూకే పరుగెత్తించాల్సి వచ్చింది. రెండుసార్లూ ఆక్సిజన్ గొట్టం ఊడిపోయి ఉంది.

దానంతటది ఒకసారి ఊడుతుంది. రెండోసారీ ఊడిందంటే డేగ నమ్మదు.

ఐసీయూలో ఊపిరి తగ్గితే మిషన్ అరుస్తుంది. చుట్టాలను గడప తొక్కనివ్వరు. వార్డులో ఆ మిషన్ ఉండదు. ఇంటి మనిషి పక్కన కూర్చోవాలి. ఒక్కరే, అదీ మెడలో పాస్ ఉంటేనే. ఏదైనా తేడా వస్తే మంచం పక్కనున్న గంట నొక్కాలి.

రెండుసార్లూ గంట మోగి డేగ పరుగెత్తేసరికి మంచం పక్కన ఉన్నది భార్యే.

అందుకే ఈసారి పాస్ ఆమెకు ఇవ్వలేదు.

"మీరు బయట బెంచీ మీద కూర్చోండి. లోపల మీ మరిది ఉంటాడు."

"నేనూ వస్తూ పోతూ ఉంటానమ్మా. నేను లేకపోతే..."

"చెప్పింది వినండి."

మరిది నవ్వుతూ లేచాడు. వచ్చిన రోజు నుంచీ సిస్టర్లందరినీ అక్కా అక్కా అంటూ నవ్వించే మనిషి. అన్నదమ్ముల ఉమ్మడి షాపు తాళాల గుత్తి వేలికి తిప్పుకుంటూ పాస్ మెడలో వేసుకున్నాడు.

"వదినా, ఇంటికెళ్ళి కాస్త నడుం వాల్చు. అన్నయ్య ఎక్కడికీ పారిపోడులే."

తమ్ముణ్ణి చూడగానే మంచం మీది మనిషి కళ్ళ నుంచి నీళ్ళు ధార కట్టాయి. తోడబుట్టినవాడంటే ఇదీ, అనుకుంది డేగ.

"ఒళ్ళు తుడుస్తానక్కా" అంటూ అతను మంచం చుట్టూ తెర లాగాడు.

మధ్యాహ్నమైంది. గంట మోగలేదు. తెర కదల్లేదు. లోపలి నుంచి తాళాల గలగల మాత్రం ఆగి ఆగి వినిపిస్తోంది.

డేగ తలుపు తీసుకుని బయటికొచ్చింది. బెంచీ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"చూశారా? ఇవాళ మీరు లోపల లేరు. గంటే మోగలేదు."

ఆమె అయోమయంగా తలెత్తింది.

"ఎలా మోగుతుందమ్మా, రెండుసార్లూ మా మరిది బయటికొచ్చి పాస్ నా చేతిలో పెట్టాక, నేను లోపలికెళ్ళి ఆయనకు ఊపిరాడకపోవడం చూసి నొక్కితేనే కదా మోగింది?"