చొక్కా లోపలి మరక

“ఇది మీ జిగురు కాదు.”

భార్య చొక్కా తిరగేసి అతని ముఖం ముందు పట్టింది. లోపలివైపు, ఎడమ భుజం కింద, మట్టి పట్టి నల్లబడ్డ బంక. ఎవరో పెన్సిలుతో డబ్బా గీసినట్టు నాలుగు పలకలుగా ఉంది.

పుస్తకాలు బైండింగు చేసే మనిషి అతను. జిగురు అంటని చొక్కా అతనికి ఒక్కటీ లేదు. ఇన్ని మరకల్లో ఇంకో మరక ఎవరి కంట పడుతుందిలే అనుకున్నాడు. ఉతికే చెయ్యి ఒకటుందని మరిచిపోయాడు.

“నాది కాకపోతే పక్కింటాయనదా? షాపులో కొత్తరకం డబ్బా తెప్పించారు.”

“లోపలివైపుకి ఎలా వెళ్ళింది?”

“చెమట పట్టిందని చొక్కా తిరగేసి తొడుక్కున్నాను.”

“ఇన్నేళ్ళుగా పుస్తకాలు అతికిస్తున్నారు. ఒక్క అబద్ధం అతికించడం చేతకాలేదు మీకు.”

అతను నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. ఈమధ్య ఆమె నవ్వడమే మానేసింది. గోడవైపు తిరిగి పడుకుంటోంది. తన బట్టలు అతను లేవకముందే విడిగా ఉతికి ఆరేసుకుంటోంది. ఆలస్యంగా వస్తున్నానని అనుమానపడుతోంది కాబోలు అనుకున్నాడు. పోనీ, అనుమానమే మేలనిపించింది. పరాయి ఆడది ఉందనుకుంటే కోపం వస్తుంది. కోపం మనిషిని నిలబెడుతుంది. నిజం తెలిస్తే ఈ మనిషి నిలబడలేదు.

ఆమె చొక్కాని చప్టామీద పరిచి వేడినీళ్ళు పోసింది. అతని మైదా జిగురు ఆ మాత్రం నీళ్ళకే కరిగి కారిపోతుంది. ఇది కదల్లేదు. ఐసుముక్క తెచ్చి అదిమిపట్టింది. తెల్ల జిగురైతే చల్లదనానికి గట్టిపడి, మొండికత్తితో గీకితే పెచ్చులుగా రాలుతుంది. ఇది రాలలేదు. వెనిగర్లో గుడ్డ ముంచి మరకమీద వేసి, కాసేపాగి తీసి చూసింది. మరక అలాగే ఉంది. మళ్ళీ వేడినీళ్ళు అందుకుంది.

“పోనిద్దూ. లోపలి మరక ఎవడు చూడొచ్చాడు?”

“జిగురైతే పోతుంది.” ఆమె వేళ్ళు ఎర్రగా ఉబ్బాయి. “జిగురైతే పోవాలి కదండీ.”

మరకతో పోట్లాడుతున్నట్టు లేదు, దాన్ని బతిమాలుతున్నట్టుంది. గీకినచోట నూలు లేచిపోయింది.

“చిరుగుతుందే, ఆపు.”

ఆపింది. కాసేపు కత్తినే చూస్తూ కూర్చుంది. తర్వాత లోపలికి వెళ్ళి, తన బట్టల అరలో అడుగునుంచి చిన్న నూనెసీసా తెచ్చింది. రెండు చుక్కలు వేసి, బొటనవేలితో మెల్లగా, గుండ్రంగా తిప్పింది. ఈసారి రుద్దలేదు, గీకలేదు. బంక సన్నటి నల్లపోగుల్లా చుట్టుకుని వేలికి వచ్చేసింది. ఒక గీత పోయింది. దాని పక్కది పోయింది. కడకి డబ్బా మొత్తం పోయింది.

ఆమె తడి చప్టామీదే కూలబడి, ఆ చొక్కాలో ముఖం దాచుకుని ఏడ్చింది.

మరక వదిలినందుకు ఎవరైనా ఏడుస్తారా? అతనికి అర్థం కాలేదు. కానీ ఆ ఏడుపు ముందు అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

“ఆసుపత్రిలో వేసిన పట్టీ తాలూకు బంక అది,” అన్నాడు పక్కనే చతికిలబడి. “ఇదిగో, ఈ భుజం కింద సూది గుచ్చి మందు ఎక్కిస్తారు. గురువారాలు షాపులో పని ఎక్కువని చెప్పేవాణ్ణి చూడు, అక్కడికే వెళ్ళేది. ఆపరేషనుకి వేళ దాటిపోయిందన్నారు.”

ఏం జబ్బని ఆమె అడగలేదు. ఏ ఆసుపత్రి అనీ అడగలేదు. చొక్కాలోంచి ముఖం తియ్యకుండానే తల ఊపింది, తెలిసిన ఊరికి దారి చెబుతుంటే ఊపినట్టు.

గదిలో కూతురు పాఠం చదువుకుంటోంది. ఏదో మాట దగ్గర తడబడి, మళ్ళీ మొదటికి వచ్చి, అదే వాక్యం అందుకుంటోంది.

“నాకేం భయం లేదు,” అన్నాడతను. అదీ అబద్ధమే, కాకపోతే ఇది కాస్త అతికింది. “పిల్లదానికి నువ్వున్నావుగా. ఇద్దరిలో ఒక్కరు గట్టిగా ఉంటే చాలు, పిల్ల ఒడ్డెక్కుతుంది. ఆ ఒక్కరు నువ్వే అయినందుకు రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను. ఆ ధైర్యంతోనే నీకు చెప్పకుండా మోశాను.”

ఆమె ఏడుపు ఠక్కున ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుని సీసాకి మూత పెట్టబోయింది. మూత చేతిలోంచి జారి చప్టామీద దొర్లింది. అతను వంగి తీసి ఇచ్చాడు. అప్పుడు చూశాడు, సీసాలో నూనె అడుగంటి ఉంది.

ఏదో ఒకటి మాట్లాడి ఆమెను మామూలు మనిషిని చెయ్యాలనిపించింది.

“అదిసరే, పెళ్ళయిన దగ్గర్నుంచీ నా చొక్కాలు ఉతుకుతున్నావు. ఒక్కనాడైనా నూనె వాడావా? పట్టీ బంక నూనెకే లొంగుతుందని ఎవరు చెప్పారే నీకు?”

ఆమె పైట నిండుగా కప్పుకుంది. గదిలోకి వినిపించకుండా, చాలా నెమ్మదిగా చెప్పింది.

“ఎవరూ చెప్పలేదండీ. నా జాకెట్లకి దీంతోనే వదిలిస్తున్నాను.”