జంట బాల్కనీ

ఒడ్డు మునిగాక ఊళ్ళకు ఊళ్ళే ఓడల్లోకి కాపురాలు మార్చుకుంటున్నాయి. ఆ రోజు వరహాలు గదులిచ్చే యంత్రం ముందు నిలబడింది. వెనకే తోడికోడలు పైడమ్మ ఉంది. ఉమ్మడి కుటుంబానికి ఒక్క రోలే ఓడెక్కించాలన్నారు. ఎవరి రోలన్న దగ్గర మాటా మాటా పెరిగి, నెలగా ఇద్దరికీ మాటల్లేవు.

"సముద్రం వైపు బాల్కనీ ఇమ్మంటారా, లోపలి తోట వైపుదా?" అంది యంత్రం. "జంట బాల్కనీ కూడా ఉందండి. మధ్య తలుపు తీస్తే రెండు గదులకీ ఒకటే. పక్కవాళ్ళు ఒప్పుకోకపోతే మాత్రం చెరో అంతస్తులో గది వస్తుంది."

వరహాలు ఇంటి దగ్గరే నిశ్చయించుకుని వచ్చింది. "జంటదే. పక్క గది నా వెనకున్నావిడకి. ఇష్టమేమో అడుగు."

"ఆవిడ మీ వెనకే ఉన్నారు కదండీ?"

"ఉంటే ఉంది. నువ్వే అడుగు."

పైడమ్మ కూడా యంత్రం వైపే చూసి అంది. "ముందు రోలెవరిదో తేల్చమను."

"నాదే. అది మా అమ్మిచ్చింది, నీళ్ళపాలు చెయ్యను. కానీ మధ్య తలుపు దగ్గరే పెడతానని చెప్పు. తను నూరిన పచ్చడైతేనే నాకు ముద్ద దిగుతుందని కూడా చెప్పు."

యంత్రం ఆ మాటలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పబోయింది.

"నువ్వుండు," అని పైడమ్మ ముందుకొచ్చింది. "అక్కా, నీ రోలు నున్నబడిపోయింది. ఓడెక్కించేలోగా గంట్లు కొట్టించు."