చీకట్లో బిగిసిన పైపు

హాల్లో లైట్లు ఒక్కసారిగా ఆరిపోయాయి.

"ఎవరండీ అది?" కమిటీ అధ్యక్షురాలు కేకేసింది.

"నేనేనమ్మా, స్విచ్చు ఆపాను" అన్నాడు వెనక బెంచీ పెద్దాయన తాపీగా. "మంటలు లేచినచోట కరెంటు ఉండదు కదా. ఇప్పుడు బిగించండి, చూద్దాం."

బల్ల మీద ఫైరింజను పైపులు, వాటిని ఒకదానికొకటి కలిపే ఇత్తడి కప్లింగులు ఉన్నాయి.

ఫ్యాక్టరీకో కొలత, తిప్పి బిగించే మర ఊరికో తీరు. పక్క ఊరి ఫైరింజను సాయానికి పరుగెత్తుకొచ్చినా పైపుకి పైపు కలవదు. ఆ మధ్య ఒక బట్టల మిల్లు అలాగే అందరి కళ్లముందే బూడిదైంది. ఇకమీదట అందరూ ఒకే కప్లింగు చెయ్యాలని, ఇంజనీరైన అధ్యక్షురాలు పట్టుబట్టి ఈ కమిటీని కూర్చోబెట్టింది.

కాకిపిల్ల కాకికి ముద్దు. ప్రతి ఓనరూ తన కప్లింగే స్టాండర్డు కావాలంటాడు.

ముందు వరసలో పెద్ద ఫ్యాక్టరీ ఓనరు కుర్చీ మాత్రం ఎప్పుడూ ఖాళీయే. పేరు తప్ప ఆయన ముఖం అక్కడెవరికీ తెలియదు. సగానికి పైగా కప్లింగులు ఆయనవే. ఆయన కాదంటే ఎంత మంచి స్టాండర్డయినా కాగితం మీదే ఉండిపోతుంది.

"ఆయనెందుకొస్తాడు? ఆ మొద్దు కప్లింగు అమ్ముకుంటూ హాయిగా ఉన్నాడు" అన్నాడో ఓనరు చీకట్లో.

అందరికన్నా గట్టిగా నవ్వింది పెద్దాయనే.

"అయితే ముందు ఆ మొద్దుదే బిగించండి. చేతులకి ఈ గ్లవ్సు వేసుకుని."

గ్లవ్సు వేళ్లకి మర దొరకలేదు. కప్లింగు ఠంగుమని నేలమీద పడింది.

తర్వాత, చిన్న వర్క్‌షాపు నడిపే ఒకావిడ చేసిన కప్లింగు. దానికి మర లేదు. రెండు మూతులూ ఆనించి కాస్త తిప్పగానే టక్కుమని బిగిసింది.

లైట్లు వెలిగినా అధ్యక్షురాలి కోపం చల్లారలేదు.

"మీరసలు ఎవరి తరఫునండీ?"

"వెనక బెంచీల్లో ఎవరైనా కూర్చోవచ్చని బయట బోర్డు పెట్టారుగా తల్లీ."

"కూర్చోవచ్చు. మీటింగు మీరే నడపకూడదు. ఇక దయచేసి రాకండి."

పెద్దాయన గ్లవ్సు జేబులో పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ స్విచ్చు వైపు ఆశగా చూశాడు. హాలంతా నవ్వులు.

ఓటింగు రోజు అధ్యక్షురాలు గుండె గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది. చీకట్లో చేసిన పరీక్ష ఎవరూ మరిచిపోలేదు. గొణుక్కుంటూనే ఓనర్లంతా వర్క్‌షాపు కప్లింగుకి చేతులెత్తారు. ఇక మిగిలింది ఖాళీ కుర్చీ ఒక్కటే.

తలుపు తోసుకుని పెద్ద ఫ్యాక్టరీ ఓనరు కూతురు వచ్చింది. ఆ కుర్చీలో కూర్చుంది. చెయ్యెత్తింది.

"మా ఓటూ దానికేనండీ. మా పాత అచ్చులన్నీ కరిగించేస్తున్నాం."

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. వర్క్‌షాపు ఆవిడ ఏడుస్తూనే నవ్వింది.

కొత్త కప్లింగులు ఊరూరికీ చేరాయో లేదో, ఆస్పత్రి పక్కనున్న రంగుల గోడౌను అంటుకుంది. చుట్టుపక్కల ఊళ్ల ఫైరింజన్లన్నీ వచ్చాయి. ఆ పొగలో, చీకట్లో, గ్లవ్సు చేతులతో పైపుకి పైపు కలిపారు.

టక్కు. టక్కు. టక్కు.

నీళ్లు ఎగిసిపడ్డాయి. ఆస్పత్రికి సెగైనా తగల్లేదు.

అభినందన సభలో అధ్యక్షురాలు ఆ కూతురి చేతులు పట్టుకుంది.

"గెలిచామమ్మా! అచ్చులు వదులుకున్న మీ నాన్నగారి రుణం ఎలా తీర్చుకోవాలి? మీటింగులకి రాలేదని ఆయన్ని నోటికొచ్చినట్టు అన్నాం కూడా."

"అవన్నీ విన్నార్లెండి. ఇంటికొచ్చి మాకు చెప్పి మరీ నవ్వేవారు. ముందు కుర్చీలో కూర్చునేవాడికి ఎవరూ నిజం చెప్పరంటారాయన."

"విన్నారా? మరి ఈ రోజైనా వెంటపెట్టుకు రావాల్సిందమ్మా!"

"రమ్మన్నానండీ. లైట్లార్పినందుకు మీరే రావద్దన్నారట కదా!"