గాన్ వెస్ట్

మంచం ఖాళీగా ఉంది. పరుపు చుట్టి గోడకు ఆనించారు.

రెడ్డెమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. నిన్న సాయంత్రం దాకా నాయన ఓబులప్ప ఆ మంచం మీదే మూలుగుతూ పడుకొని ఉన్నాడు. మదనపల్లె ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డు అది. రాత్రిళ్ళు ఆడవాళ్ళను ఉండనివ్వరు. అందుకే తల్లీకూతుళ్ళు సదుం బస్సెక్కి ఇంటికెళ్ళి, తెల్లారగానే మళ్ళీ వచ్చారు.

"యాడమ్మే మీ నాయన?" వెనక నుంచి తల్లి నాగమ్మ అడిగింది. ఆమె చేతిలో సంగటి గిన్నె ఉంది.

ఇంతలో మలయాళం నర్సు అటుగా వచ్చింది. ఆమెకు తెలుగు ముక్క రాదు. నాగమ్మకు ఇంగ్లీషు అసలే రాదు. డెబ్భై తొమ్మిదిలో వాళ్ళ పల్లె నుంచి ఇంటర్ చదువుతున్న ఆడపిల్ల రెడ్డెమ్మ ఒక్కతే.

"సిస్టర్, మై ఫాదర్?"

"ఓబులప్పా? హీ హ్యాజ్ గాన్ వెస్ట్!"

నర్సు నవ్వుతూనే చెప్పి గబగబా వెళ్ళిపోయింది. ఇలాంటి కబురు నవ్వుతూ చెప్పే మనిషిని రెడ్డెమ్మ ఎక్కడా చూడలేదు.

పుంగనూరు కాలేజీలో శ్రీనివాసులు సారు ఈ మధ్యే ప్రయాణాల మీద పుట్టిన ఇంగ్లీషు పలుకుబళ్ళు చెప్పాడు. మూల మలుపు తిరిగాడంటే గండం గడిచిందని. అడవి దాటాడన్నా అంతే. గాన్ వెస్ట్ అంటే మాత్రం, పొద్దు పడమట దిగిపోయినట్టు మనిషి పోయాడని. క్లాసులో ఆ అర్థం తప్పు లేకుండా అప్పజెప్పి శభాష్ అనిపించుకున్నది రెడ్డెమ్మే. ఆ పాడు మాట తనకు రాకపోయినా బాగుండేదని ఇప్పుడు ఏడుపొచ్చింది.

"ఏమంటా ఉండాదిమే ఆయమ్మ?"

రెడ్డెమ్మ తల్లి చేతిలోని గిన్నె వైపు చూసింది. చెబితే అమ్మ ఇక్కడే కూలబడిపోతుంది. చెప్పకుండా ఎంతసేపు దాచగలదు?

"అమ్మా, ఆ గిన్నె కింద పెట్టు."

"యాల?"

"పెట్టు మా, నీకు దండం పెడతా."

నాగమ్మ కూతురి ముఖంలోకి చూసింది. ఇక చెప్పాల్సిన పని లేకపోయింది. గిన్నె చేజారి సంగటి నేలపాలైంది.

"నన్నిడిసిపెట్టి యాడికి పోతివి సామీ!" అని గుండెలు బాదుకుంది. రోగులంతా లేచి కూర్చున్నారు. రెడ్డెమ్మ తల్లిని వాటేసుకుని బావురుమంది.

అప్పుడు ఎదురు వార్డు కిటికీలోంచి ఓబులప్ప కేకేశాడు.

"ఏమే, నొప్పి తగ్గినోళ్ళను ఇంటికి పంపే ముందు పెట్టే వెస్టు వార్డుకు నన్ను మార్చినారని ఆ నర్సమ్మ మీకు సెప్పలేదా?"