బొత్తాల డబ్బాలో దొరికిన బిళ్ల

లుత్ఫీ అరచెయ్యి చాపాడు. అందులో ఒక వెండి బిళ్ల ఉంది. బల్ల వెనక కూర్చున్న నాణేల వర్తకుడు బస్యూనీ దాన్ని అంచులు పట్టుకుని జాగ్రత్తగా ఎత్తాడు.

"నకిలీయో కాదో చెప్పు."

"నన్నా అడగడం, అన్నా? ఈ మన్సూరాలో నకిలీని వాసనతో పట్టేసేది నువ్వు కాదూ!"

నిజమే. ఏటా నైలు ఒడ్డున క్లబ్బు హాల్లో జరిగే ఈ నాణేల ప్రదర్శనలో ఎవరికి అనుమానం వచ్చినా లుత్ఫీ దగ్గరికే పరుగెత్తుకొస్తారు. ముప్ఫై ఏళ్లుగా సేకరిస్తున్న మనిషి. అతను పెదవి విరిచాడంటే ఆ నాణేన్ని మళ్లీ ఎవరూ ముట్టుకోరు. అలాంటివాడు ఇవాళ తనే బల్ల బల్లకీ తిరుగుతున్నాడు. మొహాన నెత్తురు చుక్క లేదు.

రాజుల కాలం నాటి ఇరవై పియాస్త్రుల బిళ్ల అది. ఆ సంవత్సరం అచ్చైనది దొరకడం గగనం. అందుకే దొంగబిళ్లలు కుప్పలు తెప్పలుగా పుట్టుకొచ్చాయి. పోనీ ఇది లుత్ఫీకి దొరికిందా అంటే అదీ కాదు. అతని భార్య కౌసర్‌కి దొరికింది. పాత సామాన్ల బండివాడి దగ్గర కొన్న బొత్తాల డబ్బాలో, అడుగున. లుత్ఫీ చూసీ చూడగానే నకిలీ అనేశాడు. భూతద్దం కూడా తియ్యలేదు. తను ముప్ఫై ఏళ్లు వెతికినా చిక్కనిది, కుట్టుపని చేసుకునే ఆడమనిషికి బొత్తాల్లో దొరకడమేమిటని అతని ఉక్రోషం.

బస్యూనీ తూకం వేశాడు. సరిపోయింది. బిళ్లను వేలి కొసన నిలబెట్టి ఇంకో నాణెంతో మెల్లగా తట్టాడు. సన్నని మోత చాలాసేపు సాగింది.

"విను అన్నా, వెండి ఎలా పాడుతోందో!"

"పాటకేముంది. సంవత్సరం అంకె చూడు. అతికించి ఉంటారు."

బస్యూనీ భూతద్దం పెట్టుకుని చూశాడు. "అతుకూ లేదు, గితుకూ లేదు. అచ్చులోంచి వచ్చిన అంకే. మబ్రూక్! వదినగారికి నా తరఫున కూడా అభినందనలు చెప్పు."

పక్క బల్లలవాళ్లు మూగారు. సంగతి విని ఒకటే నవ్వు.

"ఓహో, అన్నకి కుళ్లురా!"

"ఇక మీదట అనుమానమొస్తే వదిననే అడుగుదాం. అన్నని బొత్తాలు కుట్టుకోమందాం."

ఇంకోరోజైతే లుత్ఫీ వాళ్ల ఏడు తరాలనూ కడిగేసేవాడే. ఇవాళ ఆ మాటలు చెవిన పడ్డాయంతే. బిళ్ల తీసుకుని ముందుకు నడిచాడు.

చివరి బల్ల గిర్గిస్‌ది. కైరో నుంచి వచ్చే పెద్దాయన. ఈ విద్యలో ఆయన మాటకు పైమాట లేదు. లుత్ఫీకి టీ తెప్పించి, బిళ్లను దీపం కింద పెట్టుకుని కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది.

"లుత్ఫీ, నాయనా, ఇది అసలుదే."

"మళ్లీ చూడు బాబాయ్."

"చూశాను."

"ఒక్క లోపం చూపించు. ఒక్కటి చాలు."

ముసలాయన భూతద్దం కింద పెట్టాడు. "ఇన్నేళ్లుగా చూస్తున్నాను, అసలుదే అనమని బతిమాలేవాళ్లే అందరూ. నకిలీ అనమని ఏడ్చేవాణ్ణి నిన్నే చూశాను. ఏమిటయ్యా, ఇంట్లో మాట పోతుందనా? పోనీ! పెళ్లాం దగ్గర ఓడిపోని మొగాడు ఈజిప్టులో ఉన్నాడా?"

"నీ కాళ్లు పట్టుకుంటాను."

"లేని లోపం ఎక్కణ్ణుంచి తేను? రేపు చచ్చి పైవాడికి నేను జవాబు చెప్పుకోవద్దూ?"

లుత్ఫీ లేచాడు. బిళ్లను ఏ జేబులో వేసుకున్నాడో అతనికే తెలియదు. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. తిమ్మిరెక్కిన చేతిని గిల్లినట్టుంది, అంతే.

బయట వరండాలో నదికి ఎదురుగా కుర్చీలు వేసి ఉన్నాయి. కౌసర్ అక్కడ కూర్చుని ఉంది. రెండు రోజులుగా ఆమె అక్కగారింట్లోనే ఉంటోంది. అక్కణ్ణుంచే నేరుగా వచ్చింది. లుత్ఫీ ఆమె పక్కన కూర్చోబోయి, ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు.

"ఏమన్నారు, అబూ హానీ?"

పెద్దకొడుకు హానీ పుట్టిన నాటి నుంచీ ఆమె పిలిచే పిలుపు అదే, హానీ నాన్న అని.

నకిలీ అనేస్తే సరిపోయేది. ఆమెకు నాణేల సంగతి ఏం తెలుసు! అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ గిర్గిస్ జవాబు చెప్పుకోవలసిన చోటే రేపు లుత్ఫీ కూడా నిలబడాలి.

"అసలుదే," అన్నాడు.

కౌసర్ సంతోషించలేదు. సంచీలోంచి అతని బీపీ మాత్రలు, ఇంటి తాళంచెవి తీసి మధ్యనున్న ఖాళీ కుర్చీలో పెట్టింది.

"ఫ్రిజ్‌లో ములోఖియా ఆకుకూర ఉంది. పాడవకముందే వేడి చేసుకు తినండి."

"కౌసర్..."

"తిన్నాకే మాత్ర వేసుకోవాలి, ఉస్తాద్ లుత్ఫీ."

పరాయి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడి, నుదుటి మీద కనిపిస్తున్న జుట్టును తలగుడ్డ కిందికి తోసుకుని లేచి నిలబడింది.

రెండు రోజుల కిందట, ఆమె అన్నదమ్ములందరి ఎదుటా, లుత్ఫీ ఒట్టేసి మరీ అన్నాడు: "ఈ బిళ్ల అసలుదే అయితే నా భార్యకు మూడు తలాక్‌లూ ఇచ్చినట్టే."