గురవమ్మ హస్తవాసి

చిత్తూరులో పెద్దాసుపత్రికి పోయే దారిలో పచ్చబొట్ల అంగళ్లు రెండే. ఎదురెదురుగా ఉండేవి. ఒకటి గురవమ్మది, ఇంకోటి నాగులమ్మది.

గురవమ్మ సూదులు ఉడకబెట్టేది. ఆముదం దీపం మసిని పలచటి గుడ్డలో జల్లించేది. పొడిచిన చోట పసుపు అద్ది, అరిటాకు ముక్క కట్టి పంపేది. ఆమె తేలును పొడిస్తే చంటిపిల్లలు చూసి జడుసుకునేవాళ్లు.

నాగులమ్మ సూది తుప్పు పట్టి ఉండేది. పని లేనప్పుడు దాన్ని నేలలో గుచ్చిపెట్టేది. ఆమె పొడిచిన నెమలిని కోడి అనుకున్నవాళ్లు ఉన్నారు. ఆమె దగ్గర పొడిపించుకున్న చెయ్యి మరునాటికి సొరకాయలా వాచేది.

పందొమ్మిది వందల నలభై మూడులో జనం నాగులమ్మ దగ్గరికే ఎగబడ్డారు.

గురవమ్మకు ఇది అంతుబట్టలేదు. పల్లెల నుంచి తల్లులు మీసాలొచ్చిన కొడుకులను వెంటబెట్టుకొని వచ్చేవాళ్లు. ముందు గురవమ్మ అంగడి దగ్గరే ఆగేవాళ్లు.

"వాపు వస్తాదా అక్కా?" అని చిన్నగా అడిగేవాళ్లు.

"నా చేతిలో వాపనేదే లేదు" అనేది గురవమ్మ.

అంతే. దారి దాటి పోయి నాగులమ్మ చాప మీద కూర్చునేవాళ్లు.

ఆ పిల్లలే తర్వాత వాచిన చేతులు పట్టుకొని ఆసుపత్రికి పోతూ కనిపించేవాళ్లు. 'తిక్క కుదిరింది' అనుకునేది గురవమ్మ. తిరిగి వచ్చేటప్పుడు తల్లులు నాగులమ్మ దగ్గర ఆగేవాళ్లు. తిట్టడానికి కాదు. ఒకామె గుమ్మడికాయ ఇచ్చి పోయింది. ఇంకొకామె బెల్లం దిమ్మ. పలమనేరు నుంచి వచ్చినామె ఏకంగా కోడిపెట్టను ఇచ్చి, నాగులమ్మ చేతులు కళ్లకు అద్దుకుంది.

"చెయ్యి చెడగొట్టినదానికి కోడిపెట్టా?" అని గురవమ్మ ఇంటికి పోయి మొగుడిని అడిగింది.

కుప్పయ్య చుట్ట ఆర్పి ఆలోచించాడు. "వాళ్లకు మందేదో పెట్టుంటాది" అన్నాడు.

గురవమ్మకు మందుల మీద నమ్మకం లేదు. పని మీదే నమ్మకం. అంగడికి కొత్త రేకులు కప్పించింది. గోడకు సున్నం కొట్టించి శంఖచక్రాలు, సీతమ్మ జడ, తులసికోట బొమ్మలు వేయించింది. వచ్చినవాళ్లు కూర్చోడానికి బల్ల చేయించింది. అప్పటికీ ఎవరూ రాకపోతే తప్పెట కొట్టేవాడిని పిలిచి సంతలో చాటింపు వేయించింది. గురవమ్మ పచ్చబొట్టుకు వాపు లేదు, చీము లేదు, చెయ్యి చెయ్యిలాగే ఉంటాది అని వాడు సంతంతా తిరిగి అరిచాడు.

అడపాదడపా వచ్చే మగపిల్లలు కూడా ఆ చాటింపు తర్వాత రావడం మానేశారు.

ఉండబట్టలేక గురవమ్మ ఒకరోజు నాగులమ్మ దగ్గరికే పోయింది. నాగులమ్మ ఒక చిన్నపాప గడ్డం మీద చుక్క పొడుస్తోంది. చేతిలో సూది తళతళమంటోంది.

"మంచి సూది ఉండాదే నీ దగ్గర. మగపిల్లోళ్లకు మాత్రం ఆ తుప్పుది ఎందుకే?"

నాగులమ్మ తల ఎత్తలేదు. "ఇది ఆడపిల్ల కదక్కా" అంది.

అది జవాబో కాదో గురవమ్మకు తెలియలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు నాగులమ్మ తిరుత్తణిలో మొక్కు తీర్చుకోడానికి పోయింది. అప్పుడే ఐరాల నుంచి తాయమ్మ అనే ఆమె కొడుకును తీసుకొని వచ్చింది. ధనంజయ అని ఒక్కడే కొడుకు. వాకిలి పట్టనంత మనిషి. తాయమ్మ మూసిన తలుపు తట్టి, దిక్కులు చూసింది.

"ఈమె యాడికి పోయింది?"

"తిరుత్తణికి. వచ్చేదానికి నాలుగు దినాలవుతాది" అంది గురవమ్మ.

"అందాక ఆగే దారి లేదే" అంది తాయమ్మ, తనలో తాను అనుకున్నట్టు.

ధనంజయ అప్పటికే బల్ల మీద కూర్చొని చెయ్యి చాపాడు. "ఈడ బాగుండాదిమా. నామం పొడువు పెద్దమ్మా. చేతి మీద నామముంటే ఏమీ కాదని మాయమ్మ చెప్పింది."

చాలా రోజులకు తన బల్ల మీద ఒక మగపిల్లవాడు కూర్చున్నాడు. గురవమ్మ సూదిని ఇంకోసారి ఉడకబెట్టింది. తనకు తెలిసిన పనితనమంతా ఆ చేతిలో పెట్టింది. తాయమ్మ పక్కనే నిలబడి చూస్తోంది.

"ఇంకొంచెం లోతుగా పొడవరాదా?"

"లోతుగా పొడిస్తే పుండు పడతాది."

"పడితే పడనీలే."

"భయపడబాకమ్మా. నా చేతి కింద పుండు పడినోడు లేడు."

తాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎంత మెత్తని మనసో అనుకుంది గురవమ్మ. ఆమె కోసమని పసుపు రెండుసార్లు అద్దింది.

నెల తిరక్కముందే తాయమ్మ మళ్లీ వచ్చింది. ఆ రోజు నాగులమ్మ చాప మీద చోటు లేదు. తల్లులు, కొడుకులు దారి దాకా కూర్చొని ఉన్నారు. తాయమ్మ అటు పోలేదు. నేరుగా వచ్చి గురవమ్మ ముందు నిలబడింది.

గురవమ్మ దగ్గరికి తిరిగి వచ్చిన మొదటి తల్లి ఆమె. గురవమ్మ ముందుగా ఆమె చేతుల వైపు చూసింది. చేతుల్లో ఏమీ లేదు. అయినా ఫరవాలేదు. ఒక మంచి మాట చాలు. అది ఎదురంగడికి వినపడితే ఇంకా మేలు.

"ఏం తాయమ్మా, పిల్లోడి చెయ్యి వాచిందా?" అని గట్టిగా అడిగింది.

"లేదు."

"చీము పట్టిందా?"

"లేదు. అద్దం మాదిరి మానిపోయింది."

గురవమ్మ గర్వంగా ఎదురంగడి వైపు చూసింది. అక్కడ తల్లులందరూ తలలు దించుకున్నారు.

తాయమ్మ ఆ పిల్లలకు వినపడకుండా గొంతు తగ్గించింది.

"చెయ్యి వాచినోళ్లనందరినీ ఆసుపత్రిలో దొర పనికిరారని ఇంటికి పంపేసినాడక్కా, నా బిడ్డనొక్కడినే పట్టాళంలో రాసుకొని బర్మా యుద్ధానికి తోలేసినాడు."