ట్రూవే వారి రక్తం

"పెంచుకోండి, కాదనను. కానీ దానికి ట్రూవే అనే మన ఇంటిపేరు మాత్రం పెట్టనివ్వను," అన్నాడు అన్సెల్మ్, ఆదివారం భోజనం పళ్లెం పక్కకు నెట్టి.

కొడుకు బాస్తియాన్ ఒళ్లో, నిన్ననే దిజోన్ నుంచి దత్తత తెచ్చుకున్న పాప నిద్రపోతోంది.

"ఎందుకు నాన్నా?"

"అది రక్తంతో రావాల్సిన పేరు. మన మూలపురుషుడు రాజుగారి ఉంగరం వెతికిచ్చి సంపాదించిన బిరుదు!"

అన్సెల్మ్ అక్క ఓర్తాన్స్ వైన్ గ్లాసు కింద పెట్టింది.

"ఒరేయ్, మన ఫ్రెంచిలో ట్రూవే అంటే దొరికినవాడు. ఉంగరం వెతికిచ్చినవాడికి ఆ పేరెందుకు పెడతారు? రాజుగారికి భాష రాదా?"

"మరి?"

"దొరికింది ఉంగరం కాదు, మన మూలపురుషుడే. చర్చి మెట్ల మీద ఏడుస్తుంటే ఎవరో ఎత్తుకొచ్చారు. ఎవరి బిడ్డో తెలియక ఆ పేరు పెట్టారు. నాన్న నాకు చెప్పాడు. నీ వంశాభిమానం చూసి, జాలిపడి నీకు చెప్పలేదు."

అన్సెల్మ్ ముఖం పాలిపోయింది. ఈ గోలకు పాప లేచి ఏడుపందుకుంది.

"అంటే, మనది ఎవరి రక్తమో మనకే తెలీదా?"

"ఎత్తుకున్నవాళ్లు అడగలేదు మరి. నీ అంత గొప్పవాళ్లు కాదుగా!"

అన్సెల్మ్ చేతులు తుడుచుకుని కొడుకు వైపు చాచాడు.

"ఇలా తే. చలేస్తోందేమో మా ట్రూవే పిల్లకి."